రక్తపోటు: నాడి చెప్పేది, యంత్రం చెప్పేది

దిల్‌సుఖ్‌నగర్ మొదలు ఎల్.బి.నగర్ వరకు, ఇటు కొత్తపేట, చైతన్యపురి, అటు వనస్థలిపురం, హస్తినాపురం ప్రాంతాల నుండి నా వద్దకు వచ్చే రక్తపోటు రోగులలో చాలామంది కూర్చోగానే అడిగే మాట ఒక్కటే. సంచిలో నుండి మాత్రల అట్ట తీసి బల్లమీద పెట్టి, "డాక్టరు గారూ, ఈ ఇంగ్లీషు మాత్ర మానిపించండి, మీ మందు ఎంత ఖరీదైనా వాడతాము" అంటారు. గురుకులంలో తాళపత్రాలు, అచ్చు పుస్తకాలు ముందు పెట్టుకొని చదువుకున్న వైద్యుడు ఈ మాట విని సంతోషిస్తాడని వారి నమ్మకం. నా సమాధానం విన్న తరువాత కొందరు నిరాశతో లేచిపోతారు కూడ. ఆ సమాధానమేమిటో, అది ఎందుకో ఈ వ్యాసంలో విన్నవిస్తాను.

మొదట ఈ వ్యాధి స్వభావం తెలియవలెను. మేడమీది ట్యాంకు నుండి అన్ని అంతస్తులకు నీరు దిగాలంటే గొట్టాలలో కొంత ఒత్తిడి ఉండవలెను. అది లేకపోతే కుళాయిలో నీరు రాదు. అవసరాన్ని మించితే అతుకుల వద్ద కారుతుంది, ఏళ్ళ తరబడి అట్లే ఉంటే గొట్టమే పాడవుతుంది. మన శరీరంలో హృదయం సంకోచించినప్పుడు రక్తనాళాలలో ఉండే ఒత్తిడి పై అంకె, హృదయం సడలినప్పుడు ఉండేది కింది అంకె. వైద్యశాలలో వేర్వేరు రోజులలో కొలిచినప్పుడు పై అంకె 140 గాని, కింది అంకె 90 గాని, లేక అంతకు మించి గాని ఉంటే దానిని అధిక రక్తపోటు అంటారు. ఇంటివద్ద ప్రశాంతంగా కొలుచుకొంటే 135, 85 దాటినా అదే లెక్క. ఒక్కనాడు ఒక్కసారి ఎక్కువ వచ్చినంత మాత్రాన రోగి అని ముద్ర వేయనక్కరలేదు. అట్లని దానిని మరచిపోనూ కూడదు.

ఈ వ్యాధిలోని మాయ ఏమనగా, ఇది నొప్పి పెట్టదు. తలనొప్పి, తల తిరగడం వస్తేనే బి.పి. ఉన్నట్లని జనంలో ఒక అభిప్రాయం పాతుకొని ఉన్నది. నిజానికి 170 ఉన్న మనిషి నవ్వుతూ తిరుగుతుంటాడు, కోడలు చేసిన పులిహోర రెండుసార్లు వడ్డించుకొంటాడు. లోపల మాత్రం మూత్రపిండాలలోని సన్నని నాళాలు, కంటి వెనుక పొర, మెదడులోని ధమనులు, గుండె కండరము నిశ్శబ్దంగా చెడిపోతూ ఉంటాయి. మన దేశంలో పెద్దవారిలో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉన్నదని భారత వైద్య పరిశోధన మండలి వారు చేసి 2023లో ప్రకటించిన పెద్ద అధ్యయనం తెలిపినది. ఇది పట్నపు జబ్బు అనుకొనేవారు గోదావరి జిల్లాల సంగతి వినవలెను. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 పల్లెలలో మరణాలను ఒక్కొక్కటిగా విచారించి 2006లో ప్రకటించిన అధ్యయనంలో, గుండె, రక్తనాళాల వ్యాధులే సుమారు మూడవ వంతు మరణాలకు కారణమని తేలినది. పల్లెలలో అంటువ్యాధులే ప్రాణాలు తీస్తాయన్న పాత లెక్క అక్కడ తారుమారైనది.

శాస్త్రం ఏమంటుంది? చరక, సుశ్రుత, వాగ్భటుల గ్రంథాలలో ఈ వ్యాధికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం లేదు. ఈనాటి వైద్యులు కొందరు దీనిని రక్తగత వాతమని, కొందరు శిరాగత వాతమని, ధమనీ ప్రతిచయమని, మరికొందరు వ్యాన వాయువు ప్రకోపమని పేర్లు పెడుతున్నారు. పేరు కోసం ఇంత పెనుగులాట అవసరమని నేననుకోను. వ్యాధులన్నిటికీ పేర్లుండవని, పేరు చెప్పలేకపోయినందుకు వైద్యుడు సిగ్గుపడనవసరం లేదని, దోషము, స్థానము, కారణము తెలిసికొని చికిత్స చేయవలెనని చరకుడే చెప్పినాడు. ఆ మాటలో ఉన్న వినయం మనకు ఎక్కువ ఉపయోగపడుతుంది. పాత గ్రంథాలపై ఆసక్తి ఉన్నవారికి దూరం పోనక్కరలేదు, మన గడ్డిఅన్నారంలోని రెవెన్యూ బోర్డు కాలనీలోనే భారతీయ వైద్య వారసత్వ జాతీయ సంస్థ ఉన్నది. దిల్‌సుఖ్‌నగర్ వాసులలో ఈ సంగతి తెలియనివారే ఎక్కువ.

ఇక నాడి. "మీరు నాడి చూసి బి.పి. ఎంతో చెప్పండి, యంత్రం ఎందుకు?" అని అడిగేవారున్నారు. నాడీ పరీక్షపై నాకు గల గౌరవం తక్కువది కాదు. కానీ గౌరవం వేరు, అంకె వేరు. నాడీ విచారము చరక సుశ్రుతులలో ఈ రూపంలో లేదు. అది శార్ఙ్గధర సంహితలో స్పష్టంగా కనిపిస్తుంది. మన తెలుగునాట వైద్యులకు కరదీపిక వంటి బసవరాజీయంలో దానికి పెద్దపీట వేశారు. నాడి వలన వేగము, క్రమము, బలము, దోషగతి, రోగి అలసట, భయము ఇవన్నీ అనుభవజ్ఞుని వేళ్ళకు తెలుస్తాయి. కాని పాదరసం ఎన్ని మిల్లీమీటర్లు లేస్తుందో వేళ్ళకు తెలియదు. ఇటలీ దేశపు వైద్యుడు రివా రోచీ 1896లో చేతికి పట్టీ కట్టి కొలిచే సాధనం తయారుచేసినాడు. రష్యా వైద్యుడు కొరొట్‌కాఫ్ 1905లో ఆ పట్టీ కింద స్టెతస్కోపు ఉంచి శబ్దాలు వినే పద్ధతి తెలిపినాడు. అంతకు పూర్వం ఏ దేశ వైద్యుడూ రోగుల రక్తపోటును ఈ విధంగా అంకెలలో కొలిచి చెప్పలేకపోయినాడు. నాడి పట్టుకొని "మీకు 150 ఉన్నది, నా మందుతో 120 చేస్తాను" అనే మనిషి ఎదురైతే అతని వద్దనుండి లేచి రండి. శాస్త్రం పేరిట జరిగే మోసం శాస్త్రానికే అపకీర్తి.

కొలిచే తీరు కూడ చెప్పవలసి ఉన్నది, ఎందుకంటే చాలా ఇళ్ళలో యంత్రం ఉన్నది గాని పద్ధతి లేదు. మెట్లెక్కి వచ్చి, టీవీలో సీరియల్ చూస్తూ, మాట్లాడుతూ కొలుచుకొంటారు. అట్లా వచ్చిన అంకెకు విలువ లేదు. అరగంట ముందు నుండి కాఫీ, టీ, పొగ, జర్దా ఉండరాదు. మూత్రవిసర్జన చేసి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, కాలుమీద కాలు వేయకుండా, అయిదు నిమిషాలు మౌనంగా కూర్చోవలెను. చేయి బల్లమీద గుండె ఎత్తున ఉండవలెను. పట్టీ చొక్కామీద కాక, ఒంటిమీద కట్టవలెను. లావైన చేతికి చిన్న పట్టీ కడితే అంకె ఎక్కువ చూపుతుంది. ఒకటి రెండు నిమిషాల వ్యవధితో రెండుసార్లు కొలిచి తేదీతో సహా పుస్తకంలో వ్రాసుకొనండి. మణికట్టుకు కట్టే రకం కంటె జబ్బకు కట్టే రకం నమ్మదగినది. పాలవాని లెక్క, చాకలి పద్దు వ్రాసిన ఇల్లాళ్ళకు ఇది కష్టమేమీ కాదు.

ఇప్పుడు ఉప్పు విషయానికి వస్తాను. ఈ వ్యాసం వ్రాయడానికి ముఖ్యకారణమిదే.

పిప్పలి, క్షారము, లవణము ఈ మూడింటిని అతిగా వాడరాదని చరక సంహిత విమాన స్థానం మొదటి అధ్యాయంలోనే హెచ్చరిక ఉన్నది. అక్కడితో ఆగక, పాలలో కూడ ఉప్పు వేసుకొని తినే కొన్ని దేశాల జనుల పేర్లు చెప్పి, వారికి శరీరం సడలిపోవడం, అకాలంలో జుట్టు నెరవడం, రాలడం, ముడతలు పడడం కలుగుతాయన్నారు. చవిటినేలలో చెట్టుచేమ మొలవదు, మొలిచినా సత్తువ ఉండదు, కారణం లవణమే అని దృష్టాంతం చూపినారు. రక్తపోటు యంత్రం లేని కాలంలో ఇంత దూరం చూసిన పెద్దలు వారు. ఆ శాస్త్రాన్ని నెత్తిన పెట్టుకొన్నామని చెప్పే మనం భోజనంలో ఏం చేస్తున్నాము?

రోజుకు అయిదు గ్రాములకు మించి ఉప్పు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రెండూ చెబుతున్నాయి. అది ఒక టీ చెంచాడు, కూర, పప్పు, చారు, మజ్జిగ, పచ్చడి అన్నీ కలిపి. దేశంలో సగటున మనిషి తినేది ఎనిమిది గ్రాములని ప్రభుత్వ సర్వేలో తేలినది. మన తెలుగువారు అంతకంటె తక్కువ తింటారని మాత్రం అనుకోవద్దు. ఆంధ్రప్రదేశ్‌లో మూత్రపరీక్షల ద్వారా లెక్కించిన ఒక అధ్యయనంలో తొమ్మిది గ్రాములు దాటినది. ఆవకాయలో ఆవపిండి, కారం, ఉప్పు సమభాగాలుగా కలపడం మన ఇళ్ళ ఆనవాయితీ. ఒక పెద్ద చెంచాడు ఆవకాయలో గ్రాము నుండి గ్రామున్నర వరకు ఉప్పు ఉంటుంది. దానికి తోడు అప్పడము, వడియాలు, చల్లమిరపకాయలు, కందిపొడి, చారులో చిటికెడు, పెరుగన్నంలో మరొక చిటికెడు. సాయంత్రం సెంటరులో మిర్చిబజ్జి, బేకరీలో ఉప్పు బిస్కట్లు, పిల్లలు తెచ్చే చిప్సు, నూడిల్సు. రాత్రికి లెక్క వేస్తే అయిదు గ్రాములు మధ్యాహ్నానికే దాటిపోయినట్లు కనిపిస్తుంది.

ఆవకాయ మానేయమని తెలుగువాడికి చెప్పడం నాకు కూడ మనస్కరించదు. రక్తపోటు ఉన్నవారు రోజూ రెండు పూటలా కాక వారానికి రెండుమూడుసార్లు, ఊట కాక ఒక చిన్న ముక్క, ఆ పూట పప్పులో ఉప్పు సగం, అప్పడం లేదు. ఈ మాత్రం ఒడంబడిక ఇంట్లో కుదురుతుంది. ఉప్పు తగ్గించిన కూరకు నిమ్మరసం, చింతపండు, కొత్తిమీర, జీలకర్ర పొడి, అల్లం రుచి తెస్తాయి. మూడు నాలుగు వారాలలో నాలుక అలవాటు పడుతుంది, తరువాత పాత కూరే ఉప్పు కషాయంలా తోస్తుంది. ఇంటిల్లిపాదికీ అదే వంట చేయండి. పెద్దాయనకు వేరే గిన్నె పెడితే ఆయన దృష్టి పక్క గిన్నె మీదే ఉంటుంది.

సైంధవ లవణం గురించి విడిగా చెప్పవలెను. గులాబిరంగు ఉప్పు ఇప్పుడు ప్రతి దుకాణంలోను అందమైన సీసాలలో అమ్ముతున్నారు. "ఇది ఆయుర్వేద ఉప్పు, బి.పి. రాదు" అని కొని తెచ్చి ధారాళంగా వాడుతున్నారు. లవణాలలో సైంధవము శ్రేష్ఠమని శాస్త్రం చెప్పిన మాట నిజమే. లవణాలలో శ్రేష్ఠమన్నారు గాని, లవణం కాదనలేదు. సముద్రపు ఉప్పులో ఉన్న సోడియమే దానిలోనూ ఉన్నది. పైగా అయొడిన్ కలపనిది వాడితే గొంతు గ్రంథికి లోటు. కొత్తగా వచ్చిన పొటాషియం కలిసిన ఉప్పు కొందరికి మేలు చేస్తుంది గాని, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, కొన్ని రకాల బి.పి. మాత్రలు వాడేవారు వైద్యుని అడగకుండా వాడరాదు.

ఆయుర్వేద మందులలో కూడ ఉప్పు ఉంటుందని మరవవద్దు. అజీర్తికి రోజూ లవణభాస్కర చూర్ణం నాకేవారికి ఆ పేరులోనే సమాధానం ఉన్నది. దగ్గుకు అతిమధురం చప్పరించడం మంచి గృహవైద్యమే, కాని రోజుల తరబడి వాడితే అది శరీరంలో ఉప్పును, నీటిని నిలిపి రక్తపోటును పెంచుతుంది, పొటాషియంను తగ్గిస్తుంది. బి.పి. ఉన్నవారు దానికి దూరంగా ఉండండి. మోకాళ్ళ నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకొనే నొప్పి మాత్రలు కూడ ఇదే పని చేస్తాయి. అమ్మగారి బి.పి. ఎందుకు దిగడంలేదో తెలియక మాత్ర మోతాదు పెంచుతూ పోయిన ఇళ్ళలో, చివరకు ఈ నొప్పి మాత్రే దొంగగా బయటపడడం నేను పలుమార్లు చూచినాను.

ఇక సర్పగంధ. రక్తపోటుకు మన దేశం లోకానికి ఇచ్చిన మూలిక ఇది. కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లో ఈ మూలిక రక్తపోటును తగ్గిస్తుందని వ్రాసినారు. అదే కాలంలో సలీముజ్జమాన్ సిద్దిఖీ దీని వేరులోని క్షారసత్త్వాలను వేరుచేసినారు. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హృద్రోగ పత్రికలో వ్రాసిన వ్యాసంతో పాశ్చాత్య ప్రపంచం దీనివైపు తిరిగినది. 1952లో స్విట్జర్లాండులో దీనినుండి రిసర్పిన్ తీసినారు. కొంతకాలం లోకమంతటా అదే రక్తపోటు మందు. తరువాత దానివలన మనసు కుంగడం, ముక్కు దిబ్బడ, కడుపులో పుండ్లు, మందకొడితనం వస్తున్నాయని గమనించి వాడకం తగ్గించినారు. మూలిక గనుక దోషం లేదని వాదించేవారు ఈ చరిత్ర చదవవలెను. పనిచేసే మందుకు దోషం కూడ ఉంటుంది. మాత్ర పక్కనే సర్పగంధ చూర్ణం కూడ వేసుకొంటే రక్తపోటు మరీ పడిపోయి కళ్ళు తిరిగి పడేవారున్నారు. దిగులు, నిరాశ ఉన్నవారు, అల్సరు ఉన్నవారు, గర్భిణులు దీనిని తాకరాదు. వైద్యుని పర్యవేక్షణ లేకుండా కొని వాడే మందు కాదిది.

తెల్లమద్ది బెరడు పాలతో కాచి తాగడం హృదయానికి బలమని శాస్త్రం, నేను కూడ వాడిస్తాను. వెల్లుల్లి కొంత మేలు చేస్తుంది, అయితే రక్తం పలుచన చేసే మందులు వాడేవారు ఎక్కువ తినరాదు. ఇవన్నీ తోడు మందులు. 170 ఉన్నవారికి మాత్ర స్థానంలో రెండు వెల్లుల్లి రెబ్బలు పెట్టడం వైద్యం కాదు. "శాశ్వతంగా నయం" అని గోడల మీద, పత్రికలలో కనిపించే ప్రకటనల సంగతి ఒక్కమాటలో చెబుతాను: 1954 నాటి ఔషధ, మాయా చికిత్సల చట్టం ప్రకారం రక్తపోటును నయం చేస్తామని మందు ప్రకటించడమే నేరం. ఏ వైద్య విధానమైనా సరే, ఆయుర్వేదానికి మినహాయింపు లేదు, ఉండరాదు కూడ.

మన ప్రాంతపు జీవన విధానం కూడ ఈ వ్యాధికి దోహదం చేస్తున్నది. కోచింగ్ సెంటర్ల పుణ్యమా అని దిల్‌సుఖ్‌నగర్ సందులు హాస్టళ్ళతో నిండినవి. రాత్రి రెండింటివరకు చదివి, టీ, సిగరెట్టు, నూడిల్సు మీద బ్రతికే ఇరవై రెండేళ్ళ కుర్రవాళ్ళకు 150 కనిపిస్తున్నది. ఇంత చిన్న వయసులో వస్తే ఒత్తిడి అని కొట్టిపారవేయక, మూత్రపిండాలు, గ్రంథులు పరీక్ష చేయించవలెను. విజయవాడ రహదారి, సాగర్ రోడ్డు కలిసే ఎల్.బి.నగర్ చౌరస్తా చుట్టుపక్కల ఇళ్ళలో రాత్రి కూడ హారన్లు ఆగవు. రాత్రి జాగరణ వాతాన్ని పెంచుతుందన్న పెద్దల మాటకు ఇంతకంటె నిదర్శనం ఏమి కావలెను? 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు వచ్చిన తరువాత ఉద్యోగులకు బస్సులో వేలాడే బాధ కొంత తగ్గినది. ఆ మిగిలిన సమయం నడకకు వెచ్చించినవారు ఎందరో నాకు సందేహమే. మెట్లు వదలి లిఫ్టు ఎక్కే ముప్పయ్యేళ్ళవారిని అక్కడ రోజూ చూడవచ్చును.

రోజుకు అరగంట, వారానికి అయిదు రోజులు, మాట్లాడగలిగేంత వేగంతో నడవండి. ఉద్యానవనాలలో గుంపుగా యోగం చేసేవారికి ఒక మనవి: రక్తపోటు అదుపులోకి రానివారు శీర్షాసనం వేయరాదు, కపాలభాతి, భస్త్రిక వంటివి బలంగా చేయరాదు. నెమ్మదిగా శ్వాస, శవాసనం చాలు. పండ్ల కోసం కొత్తపేట మార్కెట్టు ఉండేది, 2021-22లో బాటసింగారం తరలిపోయినది. అయినా బళ్ళమీద జామ, అరటి, బత్తాయి దొరుకుతూనే ఉన్నవి. కూరలు, పండ్లు, కొవ్వు తక్కువ పాలు ఎక్కువగా ఉన్న ఆహారం రక్తపోటును తగ్గిస్తుందని అమెరికాలో 1997లో జరిగిన పరీక్ష నిరూపించినది. మన పెద్దలు పథ్యం అని పిలిచినది దాదాపు ఇదే. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం పండ్ల విషయం వైద్యుని అడిగి తెలుసుకోండి.

మొదట చెప్పిన ప్రశ్నకు నా సమాధానం ఇది. మాత్ర మానవద్దు. దానితోపాటు ఉప్పు, నిద్ర, నడక, బరువు, కోపం ఈ అయిదింటిని ఆరునెలలు సరిచేయండి. కోపము, శోకము, లోభము వంటి మనోవేగాలను అణచవలెనని, మలమూత్రాది వేగాలను అణచరాదని శాస్త్రం. మనం సరిగ్గా తలకిందులుగా చేస్తున్నాము. ఆరునెలల పుస్తకం లెక్క బాగుంటే, మాత్ర ఇచ్చిన వైద్యుడే మోతాదు తగ్గిస్తాడు, కొందరికి ఆపుతాడు కూడ. ఆ నిర్ణయం ఆయనది, నాది కాదు, పక్కింటివారిది అసలే కాదు. ఖర్చు భయమున్నవారు బస్తీ దవాఖానాకు వెళ్ళండి. 2018 నుండి నగరంలో ఇవి నడుస్తున్నాయి, అక్కడ కొలత, మాత్రలు ఉచితం.

విశ్రాంత ఉపాధ్యాయులొకరు, ఎవరో చెప్పిన వేళ్ళ పొడి నమ్మి మూడునెలలు మాత్ర మానివేసినారు. నలతగా లేదు గనుక కొలవనూలేదు. ఒక ఉదయం పూజలో కూర్చుండగా కుడిచేయి జారిపోయినది, మాట ముద్దగా వచ్చినది. ఇంటివారు నూనె మర్దన చేస్తూ, ఎదురుచూస్తూ మధ్యాహ్నం దాకా ఉన్నారు. తరువాత ఆయనను నా వద్దకు కుర్చీలో తెచ్చినారు.

పక్షవాతం మిగిల్చిన అవిటితనానికి మా వైద్యంలో అభ్యంగము, స్వేదము, వస్తి ఉన్నవి, అవి ఉపయోగపడతాయి. కాని అవి ఆ ఉదయం చేయవలసినవి కావు. మూతి వంకర పోయినా, చేయి లేవకపోయినా, మాట తడబడినా గడియారం చూసి సమయం గుర్తుపెట్టుకొనండి. నోట్లో నీళ్ళు గాని, మందు గాని, తేనె గాని పోయవద్దు, ముక్కులో చుక్కలు వేయవద్దు. 108కి ఫోన్ చేసి, తలకు స్కానింగు తీసే సౌకర్యమున్న ఆసుపత్రికి తీసుకొనిపొండి. మెదడు నాళంలో గడ్డ కరిగించే ఇంజెక్షను అర్హులైన రోగులకు నాలుగున్నర గంటలలోపే ఇస్తారు. ఎల్.బి.నగర్ చౌరస్తాలో సాయంత్రం వేళ వాహనాల రద్దీ ఎట్లా ఉంటుందో మీకు తెలుసు, ఆ గంట కూడ లెక్కలో వేసుకొని బయలుదేరండి.